లేని తోక

పచ్చబాబుకి ఒంట్లో బాగాలేదని మొట్టమొదట తెలిసింది వీర్రాజు బొటనవేలికి.

ఈ మాట వింటే ఎవరైనా నవ్వుతారు. పచ్చబాబు ఇగువానా. మూతి నుంచి తోక చివరిదాకా కొలిస్తే ఒక మంచం పొడుగుండే పచ్చటి బల్లి. వీర్రాజేమో కాకినాడ పోర్టులో క్రేన్ల సెక్షన్లో ఉద్యోగి. కుడికాలి బొటనవేలికి గౌటు జబ్బు. రొయ్యలు తిన్న మర్నాడు ఆ వేలు టమాటాలా ఉబ్బుతుంది, మీద దుప్పటి పడినా ఓర్చుకోలేడు. ఆ ఆదివారం మాత్రం అతను రొయ్య ముట్టి చాలా రోజులైంది, వేలు నిమ్మళంగానే ఉంది. అయినా సోఫాలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే "ఓలమ్మా!" అని కాలు పట్టుకున్నాడు. అతని మణికట్టుకి ఒక పట్టీ ఉంది. దాని జంట పట్టీ, ఎదురుగా బల్లమీద పడుకున్న పచ్చబాబు తోక మొదట్లో ఉంది.

"అచ్చం నా నొప్పేరా శేషూ! అదే పొడుపు, అదే మంట!"

"నిజంగానా అన్నయ్యా? మీట ఆరులో ఉంది. ఏడు పెట్టి చూద్దామా?" అన్నాడు శేషగిరి. అన్న విలవిల్లాడుతుంటే తమ్ముడి ముఖం పెళ్లి కుదిరినంత కళగా ఉంది.

హైమావతి వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. ఆవిడ వీర్రాజు భార్య, కాలేజీలో జువాలజీ చెబుతుంది. శేషగిరి ఆరో తరగతిలో ఉండగా ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. తల్లి లేని పిల్లాడని వాణ్ణి కడుపులో పెట్టుకుని చూసింది. జ్వరాలొస్తే తడిగుడ్డలు వేసింది, ఎక్కాలు చెప్పింది. వాడు నరాల శాస్త్రం చదివి సర్పవరం దగ్గర సొంతంగా ల్యాబ్ పెట్టుకుంటే ఊరందరికీ చెప్పుకుని మురిసిపోయింది. ఈ జంట పట్టీలు వాడు కనిపెట్టినవే.

సంగతేమిటంటే, బల్లి జాతికి నొప్పిని పైకి చూపించడం చేతకాదు. అడవిలో మూలిగితే గద్ద వచ్చి ఎత్తుకుపోతుంది. అందుకని ఎముక విరిగినా కళ్లు మూసుకుని ఎండలో పడుంటాయి. పశువుల డాక్టర్లు పాపం చీకట్లో రాయి విసిరినట్టే మందు వేస్తారు. శేషగిరి పట్టీలు ఆ మూగనొప్పిని నరాల్లోంచి పట్టుకుని మనిషి ఒంట్లోకి తెస్తాయి. బల్లి కాలు నొప్పి మన కాల్లో, వెన్ను నొప్పి మన వెన్నులో. మనిషికి తోక లేదు కాబట్టి తోక నొప్పి మాత్రం నడుం కింద, వెనకాల గాలిలో ఎక్కడో పుడుతుంది. మొదటిసారి అది తెలిసినప్పుడు వీర్రాజు చెయ్యి వెనక్కి పెట్టి లేని తోకని తడుముకున్నాడు. ఇంటిల్లిపాదీ పొట్ట పట్టుకుని నవ్వారు.

నొప్పి ఎంత రావాలో సున్నా నుంచి పదిదాకా తిప్పుకోడానికి ఒక మీట ఉంది. నియమం ఒక్కటే. మీట సున్నాకి దించాకే మనిషి పట్టీ విప్పాలి. ఒకసారి వీర్రాజు ఫోను మోగిందని మీట మూడులో ఉండగానే పట్టీ లాగేసి వెళ్లాడు. నొప్పి ఆగిపోయిందన్న కబురు ఒంటికి అందలేదు. మర్నాడంతా కుంటుతూనే ఉన్నాడు. మళ్లీ పచ్చబాబుతోనే జత కట్టి, మెల్లగా సున్నాకి దించితేగానీ వదల్లేదు. వేరే జంతువుతో జత కడితే పని జరగదని శేషగిరి అప్పుడే చెప్పాడు. "ఎవరి నొప్పి వాళ్లే వెనక్కి తీసుకోవాలి వదినా" అన్నాడు.

ఇంకో మాట కూడా అన్నాడు. "దెబ్బ నొప్పితో కొలత తేలదు, ఎవరికెంతో చెప్పలేం. అన్నయ్యకున్న రోగమే దీనికీ వచ్చింది కాబట్టి, తన నొప్పితో పోల్చి సరిగ్గా చెప్పగలిగాడు. అదృష్టం." 

ఆ అదృష్టం అన్న మాట అప్పట్లో హైమావతికి కాస్త కటువుగా అనిపించింది. అంతకుమించి ఆలోచించలేదు. అప్పటికే ఆవిడ కంగారంతా పచ్చబాబు మీద ఉంది. పై వాటాలోవాళ్లు బదిలీ అయి వెళుతూ అట్టపెట్టెలో వదిలేసి వెళ్లిన అరచేతి బల్లిని ఎనిమిదేళ్లు పెంచింది ఆవిడ. పచ్చబాబు అని పేరు పెట్టింది శేషగిరే. పొద్దున్నే బాల్కనీ కమ్మీ మీదికి ఎక్కి ఎండ కాగేది, హైమావతి గాజుల చప్పుడు వినబడితే గొంతు కింద తిత్తి జాపి తల ఊపేది. మేడమీది కుండీల్లో మందారాలన్నీ దానికోసమే వేసింది. దేవుడి పటాలకి మిగిలినవే పెట్టేది. దేవుడేమీ అనుకోలేదు.

ఇప్పుడు అది కమ్మీ ఎక్కడం మానేసింది.

*

బుధవారం పొద్దున పశువుల డాక్టరు రజియా రక్తపరీక్ష కాగితం పట్టుకుని ఇంటికే వచ్చింది. "కిడ్నీలు రెండూ పోయాయండి హైమావతిగారూ. కీళ్లన్నిట్లో యూరిక్ యాసిడ్ గడ్డకట్టేసింది. ఆకులు తినే జంతువుకి ఇంత రావడమేంటో నాకు అర్థం కావట్లేదు. మాంసం గానీ, కుక్కల మేత గానీ పెడుతున్నారా?"

"డాక్టరుగారూ, నేను పిల్లలకి పాఠం చెప్పేదాన్ని. మందారపూలు, మునగాకు, గుమ్మడికాయ తప్ప వాడికి ఇంకోటి తెలీదు. పైన కొంచెం కాల్షియం పొడి చల్లుతాను, అంతే."

"మరైతే నా చేతుల్లో ఏం లేదండి. నొప్పి తగ్గించే మందు వేస్తే ఆ మందే మిగిలిన కాస్త కిడ్నీనీ తినేస్తది. హాయిగా నిద్రపుచ్చి పంపించెయ్యడం మంచిది. ఇవాళ కాకపోతే రేపు. మీరు మనసు కుదుటపరచుకుని ఫోన్ చెయ్యండి."

హైమావతి ఆ రాత్రంతా ఏడ్చింది, పొద్దున్నే రజియాకి ఫోన్ చేసి సరేనంది. మేడెక్కి చివరిసారని మంచి మందారాలు ఏరుకొచ్చింది. అలవాటుకొద్దీ కాల్షియం డబ్బా మూత తీసి పక్కన పెట్టి, పూల తొడిమలు తుంచుతోంది. ఇంతలో కింది వాటావాళ్ల పిల్లి బాల్కనీలోంచి దూకి వచ్చి ఆ డబ్బాలో మూతి పెట్టింది. అదిలించినా కదల్లేదు, కళ్లు మూసుకుని నాకుతోంది. సుద్దపొడిని పిల్లి నాకడమేమిటి?

డబ్బా లాక్కుని వాసన చూసింది. ముసురుకి పొడి కాస్త చెమ్మగిల్లి ఉండలు కట్టింది. ఇన్నాళ్లూ పొడిగా ఉన్నప్పుడు దాక్కున్న వాసన ఇప్పుడు బయటికొచ్చింది. కాకినాడలో పుట్టినవాళ్లకి ఆ వాసన ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఎండురొయ్యల పొడి. సగానికి సగం అదే.

ఆ డబ్బా తెచ్చింది శేషగిరి. నెల నెలా తనే తెస్తున్నాడు. బజార్లో కల్తీ ఎక్కువ వదినా, మా ల్యాబులో శుభ్రంగా కలిపిస్తాను, నీకెందుకు శ్రమ అన్నాడు. పట్టీలు తయారు కావడానికి చాలాముందు నుంచీ తెస్తున్నాడు. అన్నయ్యకున్న రోగమే దీనికీ రావాలి. రొయ్యలతో వచ్చే రోగం. అప్పుడే కొలత కుదురుతుంది.

హైమావతికి అరికాలి మంట నెత్తికెక్కింది. దొంగచాటుగా వాడే వచ్చి పెట్టి ఉంటే ఒక రకం. తన చేత పెట్టించాడు. రోజూ పొద్దున్నే "తినమ్మా, ఎముకలు గట్టిపడతాయి" అని ముద్దు చేస్తూ తన చేత్తోనే చల్లించాడు. నమ్మించి గొంతు కోస్తే కోశాడు, కత్తి కూడా తన చేతికే ఇచ్చాడు.

ఆదివారం ఊళ్లో ఒక పెద్ద హోటల్లో శేషగిరి ప్రదర్శన ఉంది. బెంగుళూరు కంపెనీవాళ్లు వస్తున్నారు. పచ్చబాబుని బల్లమీద పడుకోబెట్టి, వచ్చినవాళ్ల చేతులకి మీట రెండులో పెట్టి పట్టీలు కడతాడు. తను మాత్రం ఏనాడూ రెండు దాటి పెట్టుకోలేదు. చూసేవాడు వేరుగా ఉండాలి, లేకపోతే లెక్క తప్పుతుంది అంటాడు.

ఫోన్ తీసి రజియాకి చేసింది. మందు రెడీ చేశానండి, బయల్దేరనా అంది రజియా.

"వద్దు. ఆదివారం దాకా ఆపండి."

"ఎందుకండీ? వాడు నరకం చూస్తున్నాడు."

"ఆదివారం దాకా చాలు. వాడు ఓర్చుకుంటాడు" అంది హైమావతి.

*

ఆవిడ పథకం సులువైనది. పదిమంది ముందు శేషగిరి చేతికి పట్టీ కట్టడం, మీట పదికి తిప్పడం. అంతే. వాడు అందరి ముందూ నేలమీద పడి దొర్లాలి. ఎందుకు దొర్లుతున్నాడో డబ్బా చూపించి తను చెప్పాలి. ఆ దృశ్యాన్ని తలుచుకుంటూ కాలేజీకి వెళ్లింది, తలుచుకుంటూ పాఠం చెప్పింది, తలుచుకుంటూ అన్నం కలుపుకుంది. పళ్లు నూరీ నూరీ దవడలు నొప్పెట్టాయి. శుక్రవారం సాయంత్రం శేషగిరి వచ్చి మీట సరిచూసుకుంటుంటే నిమ్మకు నీరెత్తినట్టు కాఫీ ఇచ్చింది. "పంచదార సరిపోయిందా అబ్బాయ్?" అని కూడా అడిగింది.

"బ్రహ్మాండం వదినా. ఆదివారం నువ్వు ముందు వరసలో కూర్చోవాలి, చెప్తున్నా."

"కూర్చోకపోతే ఎలారా" అంది.

పచ్చబాబు మందారం ముట్టలేదు. హైమావతి చేతికి పట్టీ ఉంది, మీట నాలుగులో. దాని బాధలో తనకీ వాటా ఉండాలనుకుని కట్టుకుంది. మోకాళ్లలో గాజుపెంకులు పోసినట్టుంది. ఓర్చుకుంటోంది కదా, వాడూ ఓర్చుకుంటాడు అనుకుంది.

వీర్రాజుకి అప్పటికి సంగతి తెలియదు. శుక్రవారం ఆవిడ కుంటుతూ వంట చేస్తుంటే చూడలేక వెనకే వచ్చాడు. "హైమా, నాకా నొప్పి తెలుసు. నీకంటే ముందు నాకే తెలుసు. డాక్టరమ్మ పంపించెయ్యమంటే ఎందుకాపేవు?"

అప్పుడు డబ్బా తెచ్చి అతని ముక్కు దగ్గర పెట్టింది. వీర్రాజు వాసన చూశాడు. ఏ వాసనైతే తన వేలికి శత్రువో అదే. స్టూలు మీద కూలబడ్డాడు. "మన శేషుగాడా?" అన్నాడు. హైమావతి తన పథకమంతా చెప్పింది.

"వాణ్ణి చెప్పుతో కొట్టు. నేను పట్టుకుంటాను, నువ్వు కొట్టు" అన్నాడు వీర్రాజు. "కానీ దానికీ దీనికీ ముడేంటే? వాడి లెక్క వాడితో తేల్చుకో. మధ్యలో ఈ మూగజీవాన్ని ఆదివారం దాకా నిలబెట్టడమేంటి?"

"మీకు తెలీదు, మీరూరుకోండి" అంది హైమావతి. మొగుడితో అంత కసురుగా ఎప్పుడూ మాట్లాడలేదు.

*

శనివారం మధ్యాహ్నం వీర్రాజు పోర్టుకి వెళ్లాడు. ఇంట్లో హైమావతి, పచ్చబాబు. బాల్కనీలోంచి వచ్చిన ఎండముక్క నేలమీద పడింది. పచ్చబాబు దాని దగ్గరికి పాకాలని చూసింది. ముందు కాలు జాపింది, వెనక కాలు రాలేదు. ఎండ జానెడు దూరంలో ఉండిపోయింది. హైమావతి దాన్ని ఎత్తుకుని ఎండలో పడుకోబెట్టింది. రేపు శేషగిరికి ఏం దక్కుతుందో ముందే చూసుకుందామన్న కోరిక పుట్టింది ఆవిడకి. సంబరపడదామనే అనుకుంది. మీట పదికి తిప్పింది.

అరుపు కూడా రాలేదు. వేళ్లు, మోకాళ్లు, వెన్ను, నడుం వెనక లేని తోక, అన్నీ ఒకేసారి మండాయి. ఆవిడ నేలమీద పడింది. మూడు ఊపిర్లు తీసి ఉంటుందేమో, చెయ్యి ఎలాగో జాపి మీటని సున్నాకి దించింది. చెంప గచ్చుకి ఆనించుకుని అలాగే పడుకుంది. కళ్లెదురుగా పచ్చబాబు కన్ను. రెప్ప సగం వాలి, ఎప్పట్లా నిబ్బరంగా, ఏమీ చెప్పకుండా.

ఆ నొప్పిలో శేషగిరి లేడు. అదే ఆవిడని దెబ్బకొట్టింది. మూడు రోజులుగా నిద్రలో కూడా వదలనివాడు, ఆ మూడు ఊపిర్లలో ఒక్కసారైనా గుర్తు రాలేదు. కసి లేదు, పగ లేదు, డబ్బా లేదు. ఆపండి, ఆపండి అన్న ఒక్క మాటే ఉంది. గురువారం నుంచి ఆ మాట అంటున్నదాన్ని పట్టుకుని తను ఓర్చుకుంటాడులే అంటోంది.

ఫోన్ తీసి, "వెంటనే రండి డాక్టరుగారూ, వాడి వల్ల కాదు" అని ఏడ్చింది.

రజియా సంచీతో వచ్చేసరికి, ఆమె వెనకే శేషగిరి కూడా మెట్లెక్కి వచ్చాడు. చేతిలో కొత్త పంజరం. పచ్చబాబుని ముందురోజే హోటల్‌కి తీసుకెళ్లి అలవాటు చేద్దామని. రజియా సిరంజి తీయడం చూసి పంజరం కింద పడేశాడు.

"ఏం చేస్తున్నారండీ? రేపు ప్రోగ్రాం ఉందని తెలీదా? ఆదివారం దాకా ఆపండి డాక్టర్. వాడు ఓర్చుకుంటాడు."

తన మాటే. అక్షరం పొల్లుపోకుండా తన మాటే. హైమావతికి ఒళ్లు జలదరించింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. చల్లారిందనుకున్న పగ రెట్టింపై లేచింది. లోపలికెళ్లి డబ్బా తెచ్చి అతని ముందు బోర్లించింది. గదంతా ఎండురొయ్యల వాసన.

శేషగిరి దాన్ని చూశాడు, తల దించలేదు. "వదినా, తప్పే. నీకు చెప్పాల్సింది. కానీ ఆలోచించు, ఒక్క జంతువు. దీనివల్ల రేపు ఎన్ని వేల మూగజీవాలకి..."

"ఆ ఒక్క జంతువు పేరేంట్రా?"

అతను వంగి పంజరం తీయబోయాడు.

"నువ్వు పెట్టిన పేరే కదా, చెప్పు."

"పచ్చబాబు" అన్నాడు మెల్లగా.

"వాడు ఓర్చుకుంటాడని నువ్వెలా చెప్పావు? ఎప్పుడైనా పది పెట్టుకుని చూశావా? ఇదిగో పట్టీ. నువ్వు పదిలో ఎంతసేపు కూర్చుంటే డాక్టరుగారు అంతసేపు ఆపుతారు. రేపటిదాకా కూర్చో, రేపటిదాకా ఆపుతారు. ఇది నా మాట."

"హైమావతిగారూ, ఇది పద్ధతి కాదండి" అంది రజియా. హైమావతి ఆమె వైపు చూడలేదు.

శేషగిరి పంజరం వైపు చూశాడు, పచ్చబాబు వైపు చూశాడు. పదేళ్ల కష్టం రేపటి మీద ఆధారపడి ఉంది. పైగా తను తయారుచేసినదే, తనకి తెలియని నొప్పి దాంట్లో ఏముంటుంది? గడియారం తీసి జేబులో వేసుకుని చెయ్యి చాపాడు. హైమావతి పట్టీ బిగించింది. మీట డబ్బా తన చేతిలోనే ఉంచుకుంది. రెండు, మూడు అంటూ మెట్లెక్కించలేదు. ఒకేసారి పదికి తిప్పింది.

అతను మోకాళ్ల మీద పడ్డాడు. కళ్లు తేలేశాడు. కుడిచెయ్యి నడుం వెనక్కి పోయి గాలిలో వెతుక్కుంది. అన్న చేసినప్పుడు అందరూ నవ్విన పనే. ఎడంచేత్తో పట్టీ లాక్కోబోయాడు. మీట డబ్బా పక్కన పెట్టి ఆ రెండు చేతులూ ఒడిసి పట్టుకుంది హైమావతి. చిన్నప్పుడు సూదిమందుకి పారిపోతుంటే ఇలాగే పట్టుకునేది.

"ఇచ్చెయ్యండి డాక్టర్!" అని కేకపెట్టాడు శేషగిరి. "ఇచ్చెయ్యండి! దండం పెడతాను, దాన్ని పంపించెయ్యండి!"

రజియా అప్పటికే పచ్చబాబు పక్కన కూర్చుని ఉంది. నిద్రమందు ఎక్కించింది. రెండో సూది ఆ తర్వాత. మందు పాకడం మొదలైందేమో, శేషగిరి బిగుసుకున్న ముఖం కాస్త వదులవబోయింది. మెడలో నరం దిగింది. చల్లదనం గుమ్మం దాకా వచ్చింది.

సరిగ్గా అప్పుడు హైమావతి పట్టీ విప్పేసింది.

మీట పదిలోనే ఉంది.

"వదినా, మీట! దించలేదు, మీట దించు!"

"వాడి బాధ నువ్వు పెట్టావు కాబట్టి నీకిచ్చాను" అంది హైమావతి. "వాడి సుఖం నీది కాదు."

పట్టీ తన చేతికి కట్టుకుని పచ్చబాబు పక్కన వాలింది. వేళ్లలో మంట ఆరింది. మోకాళ్లు తేలికయ్యాయి. వెన్ను కింద లేని తోక ఆరేసిన చీరలా మెల్లగా జారి నిశ్చలమైంది. మిగిలింది వీపు మీద ఎండ ఒక్కటే. ఆ తర్వాత ఎండ కూడా లేదు. వెనకాల నేలమీద మనిషి మూలుగుతున్నాడు. రజియా చాలాసేపు గుండె మీద గొట్టం పెట్టి విని, "వెళ్లిపోయాడండి" అంది.

*

ఆదివారం కంపెనీవాళ్లు వచ్చారు, వెళ్లారు. జంతువు లేదు, చెప్పేవాడు నిటారుగా నిలబడలేకపోతున్నాడు. మళ్లీ కబురు చేస్తామన్నవాళ్లు చేయలేదు.

శేషగిరి విశాఖపట్నం వెళ్లాడు, హైదరాబాదు వెళ్లాడు. స్కానింగుల్లో అన్నీ బాగున్నాయి. ఒంట్లో ఎక్కడా ఏమీ లేదన్నారు. వాళ్లు చూడగలిగిన చోట లేదు మరి. నడుం వెనక, గాలిలో ఉంది. దాన్ని వెనక్కి తీసుకోవాల్సినది మేడమీది కుండీల పక్కన, మట్టి పోయించిన తొట్టిలో, మందారం మొక్క కింద ఉంది.

దసరాకి అన్న పిలిస్తే వచ్చాడు. వెంట మెత్త తెచ్చుకుని, దానిమీద ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాడు. హైమావతి విస్తరి వేసి వడ్డించింది. వంకాయ, ఎండురొయ్యల ఇగురు. వాసనకి శేషగిరి చెయ్యి ఆగింది.

"వదినా, ఇది ఎప్పటికైనా తగ్గుతుందా?"

"తిను అబ్బాయ్, చల్లారిపోతుంది" అంది హైమావతి, ఇంకో గరిటె వేస్తూ.

అతను తిన్నాడు. కంట్లోంచి నీళ్లు విస్తట్లో పడుతుంటే అలాగే తిని, మెత్త చంకలో పెట్టుకుని కుంటుతూ వెళ్లిపోయాడు. వీర్రాజు గుమ్మం దాకా వెళ్లి సాగనంపి వచ్చాడు. హైమావతి బాల్కనీలో, ఎవరూ ఎక్కని కమ్మీ దగ్గర నిలబడి ఉంది.

"ఆ రోజు తెలిసే తీశావా పట్టీ?" అని అడిగాడు.

"తెలిసే తీశాను."

"మరి, కోపం తీరిందా?"

"శేషుమీద తీరింది. ఇంకొకరు మిగిలారు."

"ఎవరు?" అన్నాడు వీర్రాజు, తెలిసే.

"గురువారం నుంచి శనివారం దాకా వాణ్ణి ఆపినావిడ" అంది హైమావతి.